తరుగు

ఎనుమాముల మార్కెట్ల నేను దడువాయిని.
ఇరవై రెండేండ్ల సంది
ఊళ్ల మంటంతా నా కాంట మీది నుంచే బస్తాలకెక్కింది.
తేజనో, వండర్ హాటో, దేశవాళీనో
కండ్లు మూసుకొని ముక్కుతోనే చెప్త.

అందుకే దురద మొదలైననాడు
ఎవ్వలూ పట్టించుకోలే.
మిర్చి దుమ్మే అన్నరు హమాలీలు.
కొబ్బరినూనె రాయమన్నది కౌసల్య.
రాసిన. అరిచేతులకు, అరికాళ్లకు.
కానీ అది తోలు మీద లేదు.
రాత్రి రెండింటికి, మూడింటికి
లోపలి నుంచి ఎవరో
గోరుతోని తలుపు గీకుతున్నట్టు.
షాబాదు బండ మీద కాళ్లు ఆనిచ్చి
తెల్లారేదాక కూసునేది.

అంతకు నాలుగేండ్ల ముందే కడుపు చెప్పింది.
నెత్తురు పడితే మూలశంకన్నరు.
కాశిబుగ్గల ఒకాయన ఆకుపొడి పొట్లాలు కట్టిచ్చిండు.
ఏదన్నా కడుపుల పెట్టుకో అంటరు కదా పెద్దలు,
పెట్టుకున్న.
పొద్దుటి నుంచి ఎన్నిసార్లు లేచిన్నో
తక్‌పట్టీ వెనుక గీతలు గీసిన.
పదకొండు.
పద్నాలుగు.
వేలం పాట నడుమ, రైతు నా మొకం చూస్తుండంగ,
రాళ్లు కాంట మీదనే వదిలి ఉరికిన.

ఓరుగల్లుకు నా దగ్గర ఇంకో పటం ఉన్నది.
దాంట్ల కోట లేదు, తోరణాలు లేవు.
కాజీపేట స్టేషన్ల ప్లాట్‌ఫారం చివరి గది,
చౌరస్తా దాటినంక పెట్రోలు బంకు వెనుక,
చిల్లర లేకున్నా పోనిచ్చే బస్టాండు ముసలామె,
అండర్ బ్రిడ్జి కాడ
యాకూబ్ పాషా సైకిల్ షాపు వెనుక రేకు తలుపు.
యాకూబ్ ఏందని అడగలే.
ఒకనాడు తాళంచెవి తెచ్చి
నా మొలతాడుకు కట్టుకొమ్మన్నడు.

కండ్లు పసుపెక్కినప్పుడు
మా అత్త పరకాలకు తోల్కపోయి పసరు పోయించింది,
ముంజేతికి సురుకు పెట్టించింది.
మచ్చ నిలిచింది. పసుపూ నిలిచింది.

హన్మకొండల మృదుల డాక్టరమ్మ
ఫిల్మును వెలుతురుకు పట్టి చూపెట్టింది.
కార్జం లోపలి సన్న తొవ్వలు
ఒక కాడ ఉబ్బి, ఒక కాడ నొక్కుకపోయి
పూసల దండ లెక్క.
పేగుపూత ఉన్నోళ్లల్ల కొందరికి
ఇట్ల పసరు నాళాలు బిగుసుకపోతయన్నది.
రెండూ ఒక్కింటియే అన్నది.
ఎందుకమ్మా అంటే
ఇంకా ఎవరికీ సరిగ తెల్వదన్నది.
ఆ ఒక్క మాటకు ఆమె మీద గురి కుదిరింది.
దురదకు గోలీ ఉన్నది, పేగుకు గోలీ ఉన్నది,
మూసుకుపోయే తొవ్వకే లేదు.
ఏడాదికోసారి పేగు లోపలికి కెమెరా పంపాలె,
ముందు ముందు కార్జమే మార్చవలసి రావచ్చు.
నెమ్మదిగ చెప్పింది, తూకం తప్పకుండ.

కోపమొస్తే మా నాయన
పైత్యం ముదిరిందిరా నీకు అని తిట్టేటోడు.
ఆ తిట్టు ఇప్పుడు రిపోర్టుల ఉన్నది, అంకెలతో సహా.

ఇంట్ల ఇప్పుడు చపాటా మిర్చే.
ఎర్రగ ఉంటది, కాల్చది.
కౌసల్య తన తొక్కు జాడి పక్కింటికిచ్చి
నా కూరే తింటది.
మంట లేకుంటే ముద్ద దిగని మనిషి,
బాగనే ఉన్నదంటది.
అబద్ధం. నాకు తెలుసు.
నేను రకం పట్టేటోన్ని కదా.

మార్కెట్ల బస్తాకింత తరుగు తీస్తరు,
తేమకని, తొడిమెకని, దుమ్ముకని.
డెబ్బై రెండు కిలోల నేను
యాభై నాలుగుకు దిగిన.
పద్దెనిమిది కిలోల తరుగు
ఏ ఖాతాల రాయాలె?

మొన్న బుధవారం
బస్తాలు రాకముందు, బేరగాళ్లు రాకముందు
చెప్పులిడిసి కాంటెక్కిన.
ఎల్లస్వామి వేలం గొంతుతోని అరిచిండు
యాభై ఐదున్నర!
యార్డుల పావురాలు లేచినయి.

తరుగు తియ్యకుండ రాయిరా అన్న.